ఏనుగుపిల్లని అల్లుదాం, తొండం కొస నుంచి తోక దాకా

మా అమ్మ నాకు నేర్పింది లేసు అల్లిక. సన్నటి తెల్ల దారం, అంతకన్నా సన్నటి క్రోషియా సూది. బల్ల మీద పరిచే గుండ్రటి గుడ్డలు, దిండు గలేబుల అంచులు అల్లేవాళ్లం. లేసులో కన్నాలు ఎంత సమంగా పడితే అంత అందం. అదే చేతివాటంతో మా చెల్లెలి పాపకి మొదటిసారి ఏనుగు బొమ్మ అల్లి ఇచ్చాను. పది రోజులు తిరక్కుండానే దాని పొట్టలోంచి దూది బయటికి వచ్చేసింది. పాప ఒక్కో కన్నంలో వేలు పెట్టి పోగులు లాగుతూ కూర్చుంది. లేసు చెయ్యి వేరు, బొమ్మ చెయ్యి వేరు అని నాకు అప్పుడు అర్థమైంది. బొమ్మ అల్లిక బిగువుగా ఉండాలి. లోపలి దూది కనపడకూడదు, పిల్లలు పీకినా నమిలినా ఏదీ ఊడి రాకూడదు.

ఇలా క్రోషియాతో అల్లి దూది కూరే చిన్న బొమ్మలని జపాన్‌లో అమిగురుమి అంటారు. అమి అంటే అల్లిక, నుయిగురుమి అంటే దూది కూరిన బొమ్మ. ఇప్పుడు ఎక్కడివాళ్లయినా ఆ పేరే వాడుతున్నారు.

కింద రాసింది నేను చాలాసార్లు అల్లి, ప్రతిసారీ కాస్త కాస్త సరిచేసుకుంటూ వచ్చిన ఏనుగుపిల్ల లెక్క. కూర్చున్న బొమ్మ, ఎత్తు సుమారు 10 సెంటీమీటర్లు. తొండం విడిగా కుట్టే పని లేకుండా తొండం కొస దగ్గరే మొదలుపెట్టి తల దాకా ఒకే ముక్కగా అల్లుతాం. పిల్లలు మొదట పట్టుకుని లాగేది తొండాన్నే కాబట్టి అది అతుకు లేకుండా ఉండాలన్నది నా పట్టుదల.

ఏమేం కావాలి

మధ్యరకం మందం ఉన్న కాటన్ ఊలు 50 గ్రాముల ఉండ ఒకటి. మొదటి బొమ్మకి లేత రంగు తీసుకోండి. నలుపు, ముదురు నీలం రంగుల్లో కుట్లు కంటికి ఆనవు, లెక్క తప్పుతుంది. నూగు నూగుగా ఉండే ఊలు కూడా వద్దు, అందులో కుట్టు ఎక్కడుందో వేలితో తడుముకోవాల్సి వస్తుంది. సూది విషయంలో ఒక్క మాట గుర్తుంచుకోండి. ఉండ మీది చీటీలో ఏ సైజు సూది రాసి ఉంటే దానికన్నా 1 లేదా 1.5 మిల్లీమీటర్లు చిన్నది వాడాలి. 4 మిల్లీమీటర్లు అని ఉంటే నేను 2.5 తీసుకుంటాను. మొదటి గంట వేళ్లు నొప్పి పుడతాయి. అయినా పెద్ద సూదికి మారకండి.

ఇవి కాక బొమ్మల్లో నింపే పాలియెస్టర్ ఫైబర్ దూది, మొద్దు కొసతో పెద్ద కన్ను ఉన్న కుట్టుసూది, గుండుసూదులు, గుర్తు కోసం వేరే రంగు దారం ముక్క, కళ్లకి కొంచెం నల్ల దారం.

మూడు పనులు చేతికి రావాలి

గొలుసు కుట్టు వచ్చినవాళ్లకి సింగిల్ క్రోషియా కుట్టు రావడం పెద్ద పని కాదు. ఈ బొమ్మంతా ఆ ఒక్క కుట్టే. ఇకమీదట దాన్ని సింగిల్ అనే రాస్తాను. వేరేచోట దొరికిన లెక్కలు చూసి అల్లేటప్పుడు జాగ్రత్త పడండి. అమెరికా పద్ధతిలో సింగిల్ క్రోషె అనేదాన్నే బ్రిటన్ పద్ధతిలో డబుల్ క్రోషె అంటారు. అది ఏ పద్ధతో చూసుకోకపోతే బొమ్మ పొడుగ్గా సాగి జల్లెడలా తయారవుతుంది.

బిగువు కోసం నేను సింగిల్‌ని కొంచెం మార్చి వేస్తాను. సూది కుట్టులోకి దూర్చాక ఊలుని సూది చుట్టూ తిప్పను. సూది కొక్కేన్నే ఊలు మీదుగా వంచి, కింద పట్టి లాగుతాను. ఆ తర్వాత సూది మీదున్న రెండు లూపుల్లోంచి మామూలుగానే తీస్తాను. ఇలా వేస్తే కుట్టు బయటికి చిన్న ఇంటూ గుర్తులా కనిపిస్తుంది, పక్క కుట్టుకి దగ్గరగా జరిగి కూర్చుంటుంది.

మొదటి పని మ్యాజిక్ రింగ్. ఊలు కొస 15 సెంటీమీటర్లు వదిలి, ఎడమచేతి రెండు వేళ్ల చుట్టూ ఒక చుట్టు చుట్టండి. వేళ్ల మీద ఊలు ఒకదాన్నొకటి దాటుతూ కనిపిస్తుంది. మొదటి పోగు కింద నుంచి సూది పోనిచ్చి, రెండో పోగుని పట్టి ఇవతలికి లాగి, సూదిని మీ వైపు మెలితిప్పి ఒక గొలుసు కుట్టు వేయండి. వేళ్లు తీసేయండి. ఇప్పుడు చేతిలో వదులు ఉంగరం ఒకటి ఉంటుంది. ఆ ఉంగరాన్నీ, పక్కనే ఉన్న కొసనీ కలుపుకుని 6 సింగిళ్లు వేసి, కొసని గట్టిగా లాగండి. నడిమి కన్నం మూసుకుపోతుంది. నాకు ఇది పట్టుబడటానికి ఒక సాయంత్రం పట్టింది, మీకూ పడితే పట్టనివ్వండి. మూడు నాలుగు చుట్లయ్యాక ఆ కొసని మళ్లీ ఒకసారి లాగి, లోపలివైపు రెండు దిక్కుల్లో కుట్టేయండి. లేకపోతే కొన్నాళ్లకి కన్నం మళ్లీ విచ్చుకుంటుంది.

రెండోది పెంపు. ఒకే కుట్టులో రెండు సింగిళ్లు, అంతే.

మూడోది తగ్గింపు. రెండు కుట్లని ఒకటి చేయడం. మామూలుగా కలిపితే అక్కడ బుడిపె వచ్చి పక్కనే కన్నం పడుతుంది. మా పాప వేలు దూరింది సరిగ్గా అలాంటి చోట్లే. అందుకే ఇది నింపాదిగా చూడండి. ప్రతి కుట్టు తలమీదా రెండు పోగులుంటాయి, జడపాయల్లా. మీ వైపున్నది ముందు పోగు. మొదటి కుట్టు ముందు పోగులోకి సూది దూర్చండి. ఊలు తీసుకోకుండానే రెండో కుట్టు ముందు పోగులోకీ దూర్చండి. సూది మీద ఇప్పుడు మూడు లూపులు. ఊలు పట్టి మొదటి రెండింట్లోంచి లాగండి. మళ్లీ ఊలు పట్టి మిగిలిన రెండింట్లోంచి లాగండి. రెండు కుట్లు ఎక్కడ కలిశాయో వెతికినా కనపడదు.

తల

చుట్లని కలిపి ముడి వేయం. పాము చుట్టలా ఆగకుండా తిరుగుతూ వెళ్తాం. అందుకని చుట్టు ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తు తప్పనిసరి. వేరే రంగు దారాన్ని మొదటి కుట్టు ముందు అడ్డంగా పెట్టి, చుట్టు చుట్టుకీ ముందుకీ వెనక్కీ మార్చుకుంటూ వెళ్లండి.

1వ చుట్టు: రింగులో 6 సింగిళ్లు.
2: (2 సింగిళ్లు, 1 పెంపు) రెండుసార్లు. మొత్తం 8.
3 నుంచి 9 దాకా: చుట్టుకి 8 సింగిళ్లు. ఇదే తొండం.
10: (1 సింగిల్, 1 పెంపు) నాలుగుసార్లు. 12.
11: (1 సింగిల్, 1 పెంపు) ఆరుసార్లు. 18.
12: (2 సింగిళ్లు, 1 పెంపు) ఆరుసార్లు. 24.
13: (3 సింగిళ్లు, 1 పెంపు) ఆరుసార్లు. 30.
14 నుంచి 19 దాకా: చుట్టుకి 30.

తొండం అల్లేటప్పుడు గొట్టం సన్నగా ఉండి చేతిలో నిలవదు. మొదటి నాలుగు చుట్లు విసుగ్గానే ఉంటాయి, ఆ తర్వాత పట్టు దొరుకుతుంది. అక్కడే ఇంకోటి చూసుకోండి. అల్లిక బయటివైపు చిన్న చిన్న ఇంటూ గుర్తులు కనపడాలి. అడ్డగీతలు కనపడుతుంటే గొట్టం లోపలిది బయటికి తిరిగి ఉందన్నమాట. ఇప్పుడే తిప్పేయండి, తల పెద్దదయ్యాక ఆ సన్నటి గొట్టం తిప్పడం కష్టం.

14 నుంచి 19 దాకా పెంపులూ తగ్గింపులూ లేవు కాబట్టి మనసు ఎటో పోతుంది. నా బొమ్మలు వంకర తిరిగింది ఎప్పుడూ ఇక్కడే. ప్రతి చుట్టు చివరా 30 ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. 29 వస్తే ఆ చుట్టు విప్పేయండి. తర్వాతి చుట్టులో సర్దుకుందాం అనుకుంటే తల ఒక పక్కకి లాగేస్తుంది.

19వ చుట్టు అయ్యాక ఆగి కళ్లు కుట్టాలి. బయట ప్లాస్టిక్ కళ్లు దొరుకుతాయి. వెనకాల బిళ్ల నొక్కితే బిగుసుకుంటాయి, వాటికి సేఫ్టీ ఐస్ అని పేరు. పేరు ఎలా ఉన్నా, మూడేళ్లలోపు పిల్లలకి ఇచ్చే బొమ్మకి నేను వాటిని పెట్టను. బిళ్ల ఊడకపోయినా, నమిలి నమిలి చుట్టూ ఉన్న అల్లిక సాగితే కన్ను మొత్తం బయటికి వచ్చేస్తుంది, గొంతులో ఇరుక్కుంటుంది. దారంతో కుట్టిన కన్ను ఎక్కడికీ పోదు.

చోటు 13, 14 చుట్ల మధ్య. తొండం పైవైపున రెండు కళ్లకీ నడుమ 9 కుట్లు వదలండి. ముందు గుండుసూదులు గుచ్చి, బొమ్మని చేయి చాచి దూరంగా పట్టుకుని చూడండి. సింగిళ్లు చుట్టు చుట్టుకీ కాస్త ఒక వైపుకి జరుగుతూ వాలుతాయి, అందుకని లెక్క సరిపోయినా కన్ను ఒక పక్కకి వచ్చినట్టు అనిపించవచ్చు. అప్పుడు మీ కన్ను చెప్పిందే వినండి. 9 బదులు 11 కుట్లు వదిలితే ముఖం మరీ పసిదవుతుంది. నాకు అదే ఇష్టం, మా చెల్లెలికి 9 నచ్చుతుంది. చోటు కుదిరాక లోపలివైపు నుంచి నల్ల దారం తెచ్చి, ఒకే చోట అడ్డంగా నాలుగైదు కుట్లు ఒకదాని మీద ఒకటి పడేలా కుట్టండి. ముడి లోపలే వేయండి. గుండుసూదులు ఎన్ని గుచ్చారో అన్నీ లెక్కపెట్టి తీసేయండి.

20: (3 సింగిళ్లు, 1 తగ్గింపు) ఆరుసార్లు. 24.
21: (2 సింగిళ్లు, 1 తగ్గింపు) ఆరుసార్లు. 18.

ఇక్కడ దూది కూరండి. గుప్పెడు ఒకేసారి తోస్తే లోపల గడ్డ కడుతుంది, బయటికి ఎగుడుదిగుడుగా తెలుస్తుంది. చిటికెడు చిటికెడు తీసి, వేళ్లతో విప్పి, తొండం కొసకి పెన్సిల్ వెనకభాగంతో తోయండి. తొండంలో కొంచెం చాలు, తలలో మాత్రం బాగా పట్టించాలి. ఇక చాలు అనిపించాక ఇంకో రెండు చిటికెలు పడుతుంది, ఎందుకంటే వాడేకొద్దీ దూది అణుగుతుంది. కుట్ల మధ్య తెల్లగా కనిపించడం మొదలైతే ఎక్కువైందని గుర్తు.

22: (1 సింగిల్, 1 తగ్గింపు) ఆరుసార్లు. 12.
23: ఆరు తగ్గింపులు. 6.

ఊలు తెంపి, కొసని కుట్టుసూదిలోకి ఎక్కించి, మిగిలిన ఆరు కుట్ల ముందు పోగుల్లోంచి వరసగా పోనిచ్చి లాగితే మూసుకుపోతుంది.

మిగతా భాగాలు

ఒళ్లు: రింగులో 6, తర్వాత ప్రతి కుట్టులో పెంపు వేస్తూ 12, ఆపైన తల 11, 12 చుట్లలాగే 18, 24. ఐదు నుంచి తొమ్మిది చుట్లు 24 చొప్పున. పదోది (2 సింగిళ్లు, 1 తగ్గింపు) ఆరుసార్లు, 18. పదకొండోది 18. ఊలు 30 సెంటీమీటర్లు వదిలి తెంపండి. గట్టిగా దూది కూరండి. మెడ దగ్గర మరీ గట్టిగా ఉండాలి, లేకపోతే తల వాలిపోతుంది.

కాళ్లు నాలుగు: 6, 12. మూడో చుట్టు 12 సింగిళ్లు, కానీ ప్రతి కుట్టులో వెనక పోగులోకి మాత్రమే సూది దూర్చాలి. అప్పుడు పాదం అంచు మడిచినట్టు వచ్చి అరికాలు చదునుగా నిలుస్తుంది. నాలుగోది మామూలుగా 12. ఐదోది (4 సింగిళ్లు, 1 తగ్గింపు) రెండుసార్లు, 10.

చెవులు రెండు: 6, 12, 18, 24. ఆ గుండ్రటి బిళ్లని సగానికి మడిచి, రెండు అంచులనీ కలిపి 12 సింగిళ్లు వేయండి. దూది అక్కర్లేదు. తోకకి 6 గొలుసు కుట్లు వేసి, వాటి మీదుగానే వెనక్కి జారుడు కుట్లతో (సూది దూర్చి, పట్టిన ఊలుని సూది మీది లూపులోంచి కూడా ఒకేసారి లాగేయడం) వస్తే చాలు.

కుట్టడం

నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. మొదట్లో అంచుల వెంట ఒక్క వరస కుట్టి ఊరుకునేదాన్ని. ఒకరోజు పాప నోట్లో ఏదో నములుతోందని మా చెల్లెలు వేలు పెట్టి తీస్తే అది ఏనుగు చెవి. వేళకి చూసింది కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి ప్రతి అతుకు చుట్టూ రెండుసార్లు కుడతాను. రెండోసారి సూది మొదటి కుట్ల నడుమ పడాలి.

ముందు అన్ని భాగాలనీ గుండుసూదులతో నిలబెట్టి చూడండి. ఒళ్లు ముక్కకి తెరిచి ఉన్న కొసని తల అడుగున, 15 నుంచి 20 చుట్ల మేర వచ్చేలా పెట్టి, అంచులోని 18 కుట్లలో ఒక్కదాన్నీ వదలకుండా కుట్టండి. సగం దాకా వచ్చాక మెడలో ఇంకొంచెం దూది తోయండి. చెవుల మడత అంచు 17వ చుట్టు వెంబడి 7 కుట్ల మేర, కళ్లకి వెనకగా రావాలి. వెనక కాళ్లని ఒంటి కిందివైపు ముందుకి చాపినట్టు పెడితే బొమ్మ దన్ను లేకుండా కూర్చుంటుంది. కూర్చోబెట్టి చూశాకే కుట్టండి. ముందు కాళ్లు మెడకి రెండు చుట్ల కింద.

తొండం పైకి లేచినట్టు ఉండాలంటే, తొండం పైవైపున ఊలు పోగుని చుట్టుకి ఒక కుట్టు చొప్పున కిందనుంచి పైదాకా ఎక్కించి, కాస్త లాగి ముడి వేయండి.

అన్నీ అయ్యాక చెవి, కాలు, తోక ఒక్కొక్కటీ పట్టుకుని గట్టిగా లాగి చూడండి. కొంచెం కదిలినట్టు అనిపించినా మళ్లీ కుట్టండి. మాసినప్పుడు చల్లటి నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి చేత్తో నొక్కుతూ ఉతికి, తువ్వాలులో చుట్టి నీళ్లు పిండి, గాలి తగిలే నీడలో లోపలిదాకా ఆరనివ్వాలి.

ఇక మిగిలినవి వేలాడే కొసలు. కుట్టుసూదిలోకి ఒక్కో కొస ఎక్కించి, పొట్టలోంచి అవతలివైపుకి తీసి, మళ్లీ పక్క కుట్టులోంచి ఇవతలికి తెండి. పోగుని కాస్త లాగి పట్టుకుని ఒంటికి ఆనించి కత్తిరించి వదిలితే, కొస దానంతట అదే లోపలికి వెళ్లిపోతుంది.