అద్దెకిచ్చే ఫ్లాట్‌కి లోన్ తీసుకునే ముందు ఈ లెక్క వేయండి

హైదరాబాద్‌లో 50 లక్షల ఫ్లాట్, అందులో 40 లక్షలు లోన్ అనుకుందాం. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అంటే ఈఎంఐ దాదాపు 34,700. అద్దె 18,000 వస్తుందనుకున్నా ఏడాదికి 11 నెలలే లెక్కేయండి. ఒకరు ఖాళీ చేసి మరొకరు దిగేలోపు పెయింటింగ్, ప్లంబింగ్ పనులకు నెల ఇట్టే గడిచిపోతుంది. ఆ నెల మెయింటెనెన్స్ కూడా ఓనర్ మీదే. ఆస్తి పన్ను, రిపేర్లు తీసేస్తే సగటున నెలకు 14,500 మిగిలితే గొప్ప. అంటే నెలనెలా 20,000 జీతంలోంచి కట్టాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు, దాదాపు 7.5 శాతం, లోన్‌లో రాదు. అదీ చేతి డబ్బే.

చాలామంది బోల్తా పడేది ఇన్‌కమ్ టాక్స్ దగ్గర. అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం తగ్గించి, ఆపైన వడ్డీ తీసేయాలి. మొదటి ఏడాది వడ్డీయే దాదాపు 3.37 లక్షలు, కాబట్టి రెండు లక్షల పైచిలుకు నష్టం తేలుతుంది. ఇన్‌కమ్ టాక్స్ పాత పద్ధతిలో (ఓల్డ్ రెజీమ్) ఇందులో 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త పద్ధతిలో (న్యూ రెజీమ్) ఆ వెసులుబాటు లేదు, పైగా మీరు ఏదీ ఎంచుకోకపోతే వర్తించేది అదే. బిల్డర్ ఆఫీసులో చూపించే "టాక్స్ సేవింగ్" కాగితం ఏ పద్ధతి ప్రకారం వేశారో తప్పకుండా అడగండి. ఆస్తి పన్ను మార్చి 31 లోపే కట్టి రసీదు దాచుకోండి. కట్టిన ఏడాదికే అది లెక్కలోకి వస్తుంది.