మృగశిరకు ముందే దండెం చూసుకోండి

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. అదే ఎండకు కరెంటు తీగ మీది తొడుగూ పగులుతుంది. వాన పడేదాకా ఆ పగులు మన కంట పడదు. జూన్‌లో నాలుగు చినుకులు రాలాక, తడి బట్ట ఆరేయబోయి ఇనుప తీగ పట్టుకున్న మనిషి ప్రాణం తీస్తుంది. ఏటా వానాకాలంలో ఇలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం. భార్యకు షాక్ కొడితే విడిపించబోయిన భర్త, వాళ్ల కోసం పరుగెత్తిన బిడ్డ... ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోతున్నారు. అందుకే వానలకు ముందు ఎన్ని పనులున్నా మొదట దండెం చూడమంటాను.

స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరును ఊగకుండా ఒక జీఐ తీగకు, అంటే జింకు పూత వేసిన ఇనుప తీగకు, కట్టి లాగుతారు. గాలికి రెండూ రాసుకుని తొడుగు అరిగితే ఆ జీఐ తీగలోకి కరెంటు పాకుతుంది. ఆ తీగ కొసకో, అది తగిలే రేకుల షెడ్డు గొట్టానికో మనం దండెం కట్టేస్తాం. కాబట్టి ఇనుప దండెం తీసేసి నైలాన్ తాడు కట్టండి. అదీ సర్వీసు వైరుకు, స్తంభానికి, రేకులకు దూరంగా. వైరు రేకులకు ఆనుతున్నా, అతుకులు తేలినా మీరు ముట్టుకోవద్దు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి లైన్‌మన్‌ను పిలిపించండి.

ఇంట్లో ఎంసీబీ, అంటే తనంతట తానే పడిపోయే స్విచ్చు, ఉంది కదా అని ధీమా పడతారు చాలామంది. అది లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడిపోతుంది. మనిషిని పట్టిన కరెంటును గుర్తించదు. ఆ పని ఆర్‌సీసీబీది, అంటే కరెంటు లీకైతే పసిగట్టి ఆపేసే స్విచ్చుది. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకోవాలి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి. టక్కున పడకపోతే మార్పించాల్సిందే. అయితే మీటరుకు ముందు, బయట సర్వీసు వైరులో లీకయ్యే కరెంటును అదీ ఆపలేదు. అందుకే దండెం గురించి ఇంతగా చెబుతున్నాను.

ఎర్తింగ్ గుంత ఎండాకాలమంతా ఎండిపోయి ఉంటుంది, బిందెడు నీళ్లు పోయండి. ఇనుప కూలరును మూలకు చేర్చేముందు ప్లగ్గు తీసి, ఆ తర్వాతే నీళ్లు పారబోయండి. తొట్టి గోడల్ని బ్రష్‌తో రుద్ది ఆరబెట్టండి, డెంగ్యూ దోమ గుడ్లు అక్కడే అంటుకుని నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి.

డాబా మీద నీళ్లు పోయే గొట్టం మూతి దగ్గర ఆకులు, ఇసుక తీసేసి రెండు బకెట్లు కుమ్మరించి చూడండి. ఎక్కడ నిలిచినా అక్కడి నుంచే కారుతుంది. పగుళ్లు పూడ్చేది పైనుంచే, అదీ స్లాబు పొడిగా ఉన్నప్పుడే. లోపల పెచ్చులూడిన చోట పుట్టీ పెట్టి రంగు వేస్తే డబ్బు దండగ. ఆ తడి గోడలోని వైర్ల పైపు గుండా స్విచ్‌బోర్డులోకి దిగుతుంది. గోడ చెమ్మగిల్లితే ఆ బోర్డు జోలికి పోకుండా మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

ఎవరికైనా షాక్ కొడితే చేత్తో లాగకూడదని ఇంట్లో పిల్లలతో సహా అందరికీ ఇప్పుడే చెప్పండి. ముందు మెయిన్ ఆపాలి. సర్వీసు వైరు వల్లయితే మెయిన్ ఆపినా కరెంటు పోదు, పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో నెట్టాలి. తర్వాత 108కి చేయాలి. మెయిన్ ఎక్కడుందో పిల్లలకు చూపించి, వాళ్ల చేతే ఒకసారి ఆపించండి.