పాత ఫోన్‌ల లినక్స్: ఫ్లాష్ చేసే ముందు ర్యామ్‌ల నడిపి చూడుండ్రి

పాత ఫోన్‌కు లినక్స్ ఎక్కిస్తే, కెర్నల్ (ఫోన్ హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ అసలు భాగం) కుదరక లోగో దగ్గర్నే ఆగిపోవుడు మామూలే. అప్పటికే ఫ్లాష్ చేసి, అంటే ఫోన్ స్టోరేజీ మీద రాసేసి ఉంటే పాత ఆండ్రాయిడ్ కూడా రాదు.

ముందు ఫోటోలు కాపీ చేసుకోని బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాంగనే ముందుగాల నడిచే ప్రోగ్రాం) అన్‌లాక్ చేయుండ్రి, దాంతోని డేటా మొత్తం పోతది. ఫాస్ట్‌బూట్ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు కమాండ్లిచ్చే మోడ్) లకు పోయి, కంప్యూటర్ల 'ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ బూట్' (fastboot flash boot) కాకుండా 'ఫాస్ట్‌బూట్ బూట్' (fastboot boot) అని కొట్టి, పక్కన లినక్స్ బూట్ ఇమేజ్ ఫైల్ పేరియ్యాలె. ఇమేజ్ ర్యామ్‌లకే పోతది, స్టోరేజీ మీద ఏం రాయదు. పాలమూరు ఊర్లల్ల కరెంటు మధ్యల పోయినా ఫోన్‌కు ఏం గాదు. స్క్రీన్ నల్లగుంటే తొందరపడొద్దు, డిస్‌ప్లే డ్రైవర్ ఒక్కటే పనిచేస్తలేకపోవచ్చు. మీరెక్కించేది పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ (ఫోన్‌ల కోసం చేసిన లినక్స్) అయితే యూఎస్‌బీ కేబుల్ మీద కంప్యూటర్ నుంచి 172.16.42.1 కు పింగ్ (ping) కమాండ్ కొట్టుండ్రి. జవాబొస్తే కెర్నల్ లేచినట్టే. రాకుంటే పవర్ బటన్ 15 సెకన్లు ఒత్తి పట్టుండ్రి, పాత ఆండ్రాయిడ్ వస్తది.

టీడబ్ల్యూఆర్‌పీ (TWRP, బ్యాకప్ తీసే రికవరీ ప్రోగ్రాం) ని గూడ ఇట్లనే నడిపి, క్వాల్‌కామ్ ఫోన్లల్ల మోడెమ్‌ఎస్‌టీ1, మోడెమ్‌ఎస్‌టీ2, పర్సిస్ట్ అనే పార్టిషన్లు (స్టోరేజీల వేరే భాగాలు) కంప్యూటర్లకు తీసి పెట్టుకోవాలె. మోడెమ్‌ఎస్‌టీలు పాడైతే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) పోయి సిమ్ పనిచేయదు.

శాంసంగ్‌ల మామూలుగ ఫాస్ట్‌బూట్ ఉండదు, కొన్ని బూట్‌లోడర్లు 'ఫాస్ట్‌బూట్ బూట్' కమాండే తీసుకోవు. అసుంటియి అయితే సరిగ్గ అదే మోడల్ స్టాక్ ఫర్మ్‌వేర్ (కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్) చేతిల ఉన్నంకనే ఫ్లాష్ చేయుండ్రి.