ఆఫీసుకి చీర కట్టుకుని వెళ్లాలనుకునే మగవాళ్లకి

మాది తిరుపతి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో చీర కట్టి ఆడవేషం వేసిన మగవాళ్లకి జనం దండం పెట్టడం చిన్నప్పటి నుంచీ చూశాను. హైదరాబాద్‌లో నేను చీరతో ఆఫీసుకి వెళ్తే లిఫ్టులో అందరూ మాటలు ఆపేశారు. మీకూ ఇలా జరగొచ్చు, సిద్ధపడి వెళ్లండి.

ముందు రూల్స్ చదవండి. మా డ్రెస్ కోడ్‌లో 'శుభ్రంగా, హుందాగా' అని మాత్రమే ఉంది. ఆ పేజీ జతచేసి వారం ముందే మేనేజరుకి మెయిల్ పెట్టాను. అనుమతి అడగలేదు, తెలియజేశాను.

మొదటిసారి జార్జెట్ వద్దు, జారిపోతుంది. మంగళగిరి కాటన్ అయితే కుచ్చిళ్లు నిలుస్తాయి. లంగా నాడా గట్టిగా బిగించండి. కుచ్చిళ్లు దోపిన చోట ఒక పిన్నీసు, భుజం మీద ఇంకొకటి పెట్టండి. అంచు కాస్త పైకి ఉండాలి, లేకపోతే మెట్ల మీద తొక్కి పడతారు. ఇంట్లో నాలుగు రోజులైనా కట్టుకుని, కుర్చీలో కూర్చుని లేచి చూసుకోండి. నాకు మా అక్క ఓపిగ్గా నేర్పింది.

ఎవరైనా "ఏంటిది?" అంటే "నాకిష్టం" అనండి, చాలు. పెద్దవాళ్లకైతే నేను స్థానం నరసింహారావు గారి గురించి చెప్తాను. రంగస్థలం మీద సత్యభామగా మెప్పించిన ఆయనకి 1956లో పద్మశ్రీ వచ్చింది. వెకిలి కామెంట్లు మాత్రం తేదీతో సహా రాసిపెట్టి హెచ్‌ఆర్‌కి ఇవ్వండి. నేనిచ్చాకే అవి ఆగాయి.

మొదటి రోజు క్యాంటీన్‌కి ఒంటరిగా వెళ్లకండి. నాకు తోడుగా పక్క సీటు అమ్మాయి వచ్చింది. చెయ్యి కడుక్కునేటప్పుడు కొంగు ఎలా దోపుకోవాలో ఆమే చూపించింది.