సిస్టమ్ ఫార్మాట్ చేశాక థండర్‌బర్డ్ మెయిల్స్ వెనక్కి తెచ్చుకోవడం ఎలా

మా పెద్దమ్మ కొడుకు బెంగళూరు పీణ్యలో చిన్న మెషీన్ షాపు నడుపుతాడు. కస్టమర్లు పంపే డ్రాయింగులు, పర్చేజ్ ఆర్డర్లు, రేటు మీద జరిగిన బేరాలు, అన్నీ మెయిల్లోనే ఉంటాయి, అదీ తొమ్మిదేళ్లవి. ఆ మెయిల్స్‌ని కంప్యూటర్లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో చూసుకుంటాడు. సిస్టమ్ మరీ నెమ్మదైపోయిందని ఎస్పీ రోడ్డులో ఒక కంప్యూటర్ షాపుకి ఇచ్చాడు. వాళ్లు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ చేసి పెట్టి, సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి, విండోస్ కొత్తగా వేసిచ్చారు. ఇంటికొచ్చి థండర్‌బర్డ్ ఇన్‌స్టాల్ చేసుకుని తెరిస్తే ఒక్క మెయిల్ కూడా లేదు. "ఒరేయ్, కొత్తగా అకౌంట్ పెట్టమందిరా, పాతవన్నీ పోయినట్టేనా?" అని రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాడు. గొంతు వింటేనే తెలుస్తోంది మనిషి ఎంత టెన్షన్‌లో ఉన్నాడో.

పోలేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు నేను ఆయన యూజర్ ఫోల్డర్ మొత్తాన్ని ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కించి ఉన్నాను. ఆ రాత్రి మేం చేసిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లలో చాలామందిది ఇదే పరిస్థితి, పైగా బ్యాకప్ చేతిలో ఉండి కూడా తొందరపాటుతో దాన్ని పాడుచేసుకున్నవాళ్లని నేను చూశాను.

ఫోన్‌లో ఆయనకి చెప్పిన మొదటి మాట: "అన్నయ్యా, ఇంకేమీ నొక్కకు, ముందు నెట్ తీసెయ్." మీరూ అదే చేయండి. వైఫై ఆపండి లేదా కేబుల్ పీకేయండి. కారణం ఉంది. పాప్ పద్ధతిలో పెట్టుకున్న అకౌంట్ అయితే మెయిల్స్ సర్వర్ నుంచి మీ కంప్యూటర్‌లోకి దిగిపోతాయి. సర్వర్లో కాపీ ఉంచమనే సెట్టింగ్ ఉన్నా, చాలామందికి దాని కిందే 14 రోజుల వరకే ఉంచమనే గడి కూడా టిక్ అయి ఉంటుంది. అంటే పాత మెయిల్స్‌కి మీ డిస్క్ తప్ప వేరే దిక్కు లేదు. ఖాళీ థండర్‌బర్డ్‌లో కంగారుగా అకౌంట్ పెట్టేస్తే కొత్త మెయిల్స్ అందులోకి దిగుతాయి, పాతవి బ్యాకప్‌లో ఉంటాయి, తర్వాత రెండూ కలపడం ఇంకో పని. మెయిల్స్ సర్వర్లోనే ఉండే ఐమ్యాప్ పద్ధతి అయితే ప్రమాదం వేరే రకం, దాని సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు మెయిల్స్ అసలు ఎక్కడుంటాయో చూద్దాం. థండర్‌బర్డ్ తనకి సంబంధించినవన్నీ, అంటే మెయిల్స్, అకౌంట్ సెట్టింగులు, అడ్రస్ బుక్, పాస్‌వర్డ్‌లు, ఫిల్టర్లు, క్యాలెండర్, అన్నింటినీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది, దాన్నే ప్రొఫైల్ అంటారు. విండోస్‌లో అది సీ డ్రైవ్‌లో యూజర్స్, దాని లోపల మీ పేరు, దాని లోపల యాప్‌డేటా, తర్వాత రోమింగ్, తర్వాత థండర్‌బర్డ్, చివరికి ప్రొఫైల్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ప్రొఫైల్ ఫోల్డర్ పేరు ముందు ఎనిమిది అర్థంలేని అక్షరాలు, ఒక చుక్క, తర్వాత మామూలుగా 'డిఫాల్ట్' లేదా 'డిఫాల్ట్ రిలీజ్' అని ఉంటుంది. చిక్కల్లా ఆ యాప్‌డేటాతోనే. అది మామూలుగా కనపడదు, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్ చేస్తేనే కనిపిస్తుంది. అందుకే షాపువాళ్లు బ్యాకప్ తీశామంటే దాదాపు ఎప్పుడూ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫొటోలే. వన్‌డ్రైవ్ బ్యాకప్ కూడా అంతే, అది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివే తీసుకుంటుంది, యాప్‌డేటా జోలికి పోదు. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ కూడా మీరు వేరుగా ఏమీ చేర్చకపోతే దాన్ని వదిలేస్తుంది. ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే ఎంతమంది మెయిల్స్ బతికేవో!

బ్యాకప్ తీయలేదు అనుకునేవాళ్లు కూడా ఒకసారి సీ డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. డ్రైవ్ ఫార్మాట్ చేయకుండా పాత విండోస్ మీదే కొత్తది వేసి ఉంటే, పాత యూజర్స్ ఫోల్డర్ మొత్తం అందులో ఉంటుంది, యాప్‌డేటాతో సహా. కాకపోతే మామూలుగా 10 రోజుల తర్వాత విండోస్ దాన్ని తనంతట తనే తీసేస్తుంది, డిస్క్ క్లీనప్ నడిపితే ఇంకా ముందే పోవచ్చు, కాబట్టి ఈ రోజే కాపీ చేసుకోండి. తెరిచేటప్పుడు పర్మిషన్ లేదని అడ్డుపడితే కంటిన్యూ నొక్కితే చాలు, మీ అకౌంట్‌కి అడ్మినిస్ట్రేటర్ హక్కు ఉంటే తెరుచుకుంటుంది. నిజంగానే ఫార్మాట్ అయిపోయి, కాపీ ఎక్కడా లేకపోతే మాత్రం కంప్యూటర్ వాడటం ఆపి, రికవరీ తెలిసినవాళ్లకి ఇవ్వండి. పాత రకం హార్డ్ డిస్క్ అయితే కొంత ఆశ ఉంటుంది. ఎస్ఎస్‌డీ (చిప్‌లతో చేసిన కొత్త రకం డిస్క్) అయితే ట్రిమ్ అనే పద్ధతి వల్ల చెరిపిన డేటా త్వరగానే నిజంగా చెరిగిపోతుంది కాబట్టి డబ్బు పెట్టే ముందు ఆలోచించుకోండి.

బ్యాకప్ దొరికింది కదా, ఇక తెరిచేద్దాం అనుకోకండి. ముందు దాన్ని ఇంకోచోటికి కాపీ చేయండి, ఆ కాపీ మీదే పని చేయండి, ఒరిజినల్‌ని ముట్టుకోవద్దు. నేను దీని గురించి అంత పట్టుబట్టడానికి కారణం, చేతిలో ఉన్నది ఒక్కటే కాపీ అయితే ఒక్క పొరపాటుతో కథ ముగిసిపోతుంది. కాపీ అయ్యాక రెండు ఫోల్డర్ల మీదా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు, ఫైళ్ల సంఖ్య సరిపోయాయో లేదో చూడండి. పెన్‌డ్రైవ్ వాడేవాళ్లకి ఇంకో మాట, అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఒక్కటి కూడా ఎక్కదు. అన్నయ్య ఇన్‌బాక్స్ ఫైల్ ఒక్కటే 6 జీబీ దాటింది, పెన్‌డ్రైవ్ మీద ఆధారపడి ఉంటే సరిగ్గా ముఖ్యమైన ఫైలే మిగిలిపోయేది. ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్ఎస్ అయితే ఆ బాధ లేదు.

ఇక అసలు పని. థండర్‌బర్డ్ లేటెస్ట్ వెర్షన్ ఇన్‌స్టాల్ చేయండి (ఇది డౌన్‌లోడ్ చేసుకునేవరకు నెట్ ఉంచి, తర్వాత తీసేయండి). తెరవగానే అకౌంట్ పెట్టమని అడుగుతుంది, క్యాన్సిల్ కొట్టండి. బ్యాకప్ కాపీలోంచి ఆ పొడుగు పేరున్న ప్రొఫైల్ ఫోల్డర్‌ని తీసుకుని మీకు గుర్తుండే చోట పెట్టండి. పాత చోటే, అంటే ప్రొఫైల్స్ ఫోల్డర్‌లోనే పెట్టినా సరే, డీ డ్రైవ్‌లో 'మెయిల్' అని ఫోల్డర్ చేసి అందులో పెట్టినా సరే. నేనైతే డీ డ్రైవ్ అంటాను, మళ్లీ ఎవరైనా సీ ఫార్మాట్ చేసినా అది మిగులుతుంది. తర్వాత థండర్‌బర్డ్‌లో హెల్ప్ మెనూ, అందులో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్, ఆ పేజీలో ప్రొఫైల్స్ అనే వరసలో ఉన్న లింకు నొక్కండి. అక్కడ క్రియేట్ ఎ న్యూ ప్రొఫైల్ నొక్కి, ఏదో ఒక పేరు ఇచ్చి, ఫినిష్ నొక్కే ముందు చూజ్ ఫోల్డర్ అన్నచోట మీరు పెట్టిన పాత ఫోల్డర్‌ని చూపించండి. పేరుకి కొత్త ప్రొఫైల్ చేస్తున్నట్టు ఉన్నా, ఉన్న ఫోల్డర్‌ని చూపిస్తే థండర్‌బర్డ్ దాన్నే వాడుకుంటుంది. దాన్ని డిఫాల్ట్‌గా పెట్టి, థండర్‌బర్డ్ మూసి మళ్లీ తెరవండి. అంతే, పాత ఫోల్డర్లన్నీ ఎడమపక్క వరసగా కనిపిస్తాయి. అదే పేజీలో ఖాళీ ప్రొఫైల్ పక్కన డిలీట్ బటన్ కూడా ఉంటుంది, ఇప్పుడే దాని జోలికి వెళ్లకండి, పొరపాటున పాతదాని పక్కన నొక్కి ఫైల్స్ కూడా తీసేయమంటే నిజంగానే తీసేస్తుంది.

కొందరు కొత్తగా పుట్టిన ప్రొఫైల్ ఫోల్డర్‌లోకి పాత ఫైళ్లని తెచ్చి ఓవర్‌రైట్ చేస్తుంటారు. థండర్‌బర్డ్ పూర్తిగా మూసి, లోపల ఉన్నవన్నీ తీసేసి చేస్తే అది కూడా పనిచేస్తుంది. సగం కొత్తవి, సగం పాతవి కలిస్తే మాత్రం పాస్‌వర్డ్‌లు తెరుచుకోవు, ఫోల్డర్లు రెండేసి కనిపిస్తాయి. ముఖ్యంగా థండర్‌బర్డ్ తెరిచి ఉండగా కాపీ చేస్తే అది మూసేటప్పుడు తన కొత్త సెట్టింగుల్ని పాతవాటి మీద రాసేస్తుంది. ఫోల్డర్‌ని చూపించే పద్ధతిలో ఈ గొడవ లేదు.

తెరిచాక ఎదురయ్యేవి కొన్ని ఉన్నాయి. ఈ ప్రొఫైల్ కొత్త వెర్షన్‌తో వాడినది, మీరు తెరుస్తున్నది పాత వెర్షన్ అని థండర్‌బర్డ్ ఆపేస్తే, అక్కడ కొత్త ప్రొఫైల్ సృష్టించమనే బటన్ నొక్కకుండా బయటికొచ్చి లేటెస్ట్ వెర్షన్ వేసుకోండి. ఫోల్డర్ పేరు ఉండి లోపల మెయిల్స్ కనపడకపోతే భయపడకండి, ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, రిపేర్ ఫోల్డర్. ఎందుకంటే ప్రతి మెయిల్ ఫోల్డర్‌కీ రెండు ఫైళ్లు ఉంటాయి. ఇన్‌బాక్స్ అని ఎక్స్‌టెన్షన్ లేకుండా ఉండేది అసలు మెయిల్స్ ఉన్న ఫైల్, దాని పక్కన ఎంఎస్ఎఫ్ అనే తోకతో ఉండేది ఒట్టి సూచిక. ఆ సూచిక పాడైతే మెయిల్స్ లేనట్టు కనిపిస్తుంది. రిపేర్ అంటే అసలు ఫైల్ చదివి దాన్ని మళ్లీ తయారు చేయడమే. సైజు పెద్దదైతే కొన్ని నిమిషాలు పడుతుంది, ఆగండి. ఫైల్లో వృథా జాగా తీసేసే కాంపాక్ట్ చేయనా అని అడిగితే మాత్రం ఇప్పుడొద్దని చెప్పండి, డిలీట్ చేసిన మెయిల్స్ కాంపాక్ట్ అయ్యేవరకు ఆ ఫైల్లోనే ఉంటాయి, అవి ఏ రోజు అవసరపడతాయో తెలియదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ అడుగున లోకల్ డైరెక్టరీ అని ఉంటుంది, అది ఇప్పుడు లేని దారిని చూపిస్తోందేమో అదీ చూడండి. గతంలో ఎవరైనా మెయిల్స్‌ని వేరే డ్రైవ్‌కి మార్చి పెట్టి ఉంటే అవి ప్రొఫైల్ ఫోల్డర్‌లో అసలు ఉండవు, ఆ డ్రైవ్‌లో వెతకాలి.

పాస్‌వర్డ్‌లు ప్రొఫైల్‌తో పాటే వస్తాయి, వాటన్నింటికీ తాళంలా ఉండే ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లు అది గుర్తుంచుకుని ఉండాలి. జీమెయిల్ లాంటివి మాత్రం ఒక్కోసారి మళ్లీ సైన్ ఇన్ కిటికీ తెరుస్తాయి, అది మామూలే.

ఇప్పుడు ఐమ్యాప్ సంగతి. ఇందులో అసలు మెయిల్స్ సర్వర్లో ఉంటాయి, మీ దగ్గరున్నది దాని ప్రతిబింబం. కాబట్టి సర్వర్లో అన్నీ ఉంటే బ్యాకప్ లేకపోయినా అకౌంట్ పెట్టగానే దిగుతాయి, లోకల్ ఫోల్డర్స్‌లో (సర్వర్‌కి పోకుండా మీ కంప్యూటర్లోనే ఉండే ఫోల్డర్లలో) దాచుకున్నవి తప్ప. కానీ హోస్టింగ్ మార్చారు, లేదా సర్వర్లో జాగా నిండిందని పాతవి ఎవరో చెరిపేశారు, మీ బ్యాకప్‌లో మాత్రం అవి ఉన్నాయి, అలాంటప్పుడు నెట్‌తో తెరిచారో, సర్వర్లో లేనివాటిని మీ దగ్గర కూడా తీసేస్తుంది. కాబట్టి నెట్ లేకుండా తెరిచి, కావలసిన మెయిల్స్‌ని లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాతే నెట్ ఇవ్వండి.

అన్నయ్య ఫోన్ చేసేలోపే మధ్యాహ్నం ఖాళీ ప్రొఫైల్‌లో అకౌంట్ పెట్టేశాడని తర్వాత తెలిసింది, ఇరవై దాకా కొత్త మెయిల్స్ అందులోకి దిగిపోయాయి. అలాంటప్పుడు థండర్‌బర్డ్ మూసి, ఆ ఖాళీ ప్రొఫైల్ లోపల మెయిల్ అనే ఫోల్డర్‌లో ఉన్న ఇన్‌బాక్స్ ఫైల్‌ని, ఎంఎస్ఎఫ్ తోక లేనిదాన్ని మాత్రమే, కాపీ చేసి వేరే పేరు పెట్టండి. దాన్ని పాత ప్రొఫైల్‌లో మెయిల్, దాని లోపల లోకల్ ఫోల్డర్స్ అనేచోట పెట్టి తెరిస్తే ఆ పేరుతో ఒక ఫోల్డర్ కనిపిస్తుంది, అందులోంచి మెయిల్స్‌ని ఇన్‌బాక్స్‌లోకి లాక్కోవచ్చు. ప్రొఫైల్ మొత్తం దొరక్క విడి మెయిల్ ఫైళ్లు మాత్రమే దొరికినవాళ్లకి కూడా ఇదే దారి. ఉప ఫోల్డర్లు ఎస్‌బీడీ అనే తోక ఉన్న ఫోల్డర్లలో ఉంటాయి, వాటిని మర్చిపోవద్దు.

లినక్స్‌లో అయితే ఇదంతా హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే థండర్‌బర్డ్ అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటుంది, కంట్రోల్ హెచ్ నొక్కితే కనపడుతుంది, స్నాప్ ద్వారా వేసుకుంటే స్నాప్ ఫోల్డర్ లోపల. ఔట్‌లుక్ వాడేవాళ్లు పీఎస్‌టీ ఫైల్ ఉందేమో చూసుకోండి, దాన్ని ఔట్‌లుక్ తెరుస్తుంది, ఓఎస్‌టీ మాత్రం సర్వర్ కాపీయే, వేరే సిస్టమ్‌లో నేరుగా తెరుచుకోదు.

అంతా సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి ఒక మెయిల్ తెరిస్తే సరిపోదు. అన్నయ్యతో మూడు సంవత్సరాల నాటి ఒక కస్టమర్ పేరు వెతికించాను, అటాచ్‌మెంట్ ఉన్న మెయిల్ తెరిపించి డ్రాయింగ్ నిజంగా తెరుచుకుందో చూశాను, సెంట్ ఫోల్డర్‌లో మొదటి మెయిల్ తేదీ చదివించాను. వెతుకులాటలో పాతవి రాకపోతే సూచిక కడుతోందని అర్థం, కొన్ని గంటలు థండర్‌బర్డ్ తెరిచి ఉంచండి. అప్పుడు నెట్ ఇచ్చి, మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని వచ్చిందో లేదో చూడండి.

రాత్రి ఒంటిగంట దాటాక ఆయన "ఇదిగో, ఫస్ట్ ఆర్డర్ మెయిల్ కూడా ఉందిరా" అని చదివి వినిపించాడు. ఆ ఆర్డర్ ఇచ్చిన పెద్దాయన ఇప్పుడు లేరట. మర్నాడు పొద్దున థండర్‌బర్డ్ మూసి, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని ఇంకో డిస్క్‌కి కాపీ చేయించాను, టూల్స్‌లోని ఎక్స్‌పోర్ట్ 2 జీబీ దాటితే పనికిరాదు కాబట్టి ఇలా చేతితోనే. ఆ డిస్క్ ఇప్పుడు షాపులో కాకుండా వదిన దగ్గర ఇంట్లో బీరువాలో ఉంది, ప్రతి నెలా మొదటి ఆదివారం బయటికి తీస్తున్నారు.