చివరి ఏడాది ప్రాజెక్టు – 4వ పాఠం: ప్రశ్న గుర్తు లేని దరఖాస్తు

ఈ వారం పాఠం అసలైతే మొదటి అప్పీలు గురించి. దాన్ని చివర్లో కొంచెంలో సర్దేస్తాను. పోయిన పాఠం చదివి సమాచార హక్కు దరఖాస్తులు పెట్టినవాళ్లు తమకొచ్చిన జవాబులు పంపారు. వాటిలో ఒకే వాక్యం మళ్లీ మళ్లీ కనిపించింది: ‘మీరు కోరినది సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం సమాచారం నిర్వచనంలోకి రాదు.’ దాని కింద మీ కోపం. అధికారులు దాచేస్తున్నారు, భయపడ్డారు, ఇదే హెడ్డింగ్‌గా పెట్టి ప్రాజెక్టు రాసేయమంటారా అని కొందరు అడిగారు. వద్దు. మీ దరఖాస్తులు కూడా చదివాను కాబట్టి చెబుతున్నా, చాలావాటిలో అధికారి రాసిందే కరెక్టు.

ముందు చిన్నవి రెండు. కాలేజీ లెటర్‌హెడ్ మీద, హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సంతకంతో పంపినవాళ్లున్నారు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 3 ఈ హక్కు ఇచ్చింది పౌరులకు. అందుకే మీ పేరు, మీ సంతకం, మీ చిరునామా చాలు. రెండోది, ‘నేను జర్నలిజం ఫైనల్ ఇయర్ విద్యార్థిని, నా ప్రాజెక్టు నిమిత్తం దయచేసి...’ అంటూ సగం పేజీ ఉపోద్ఘాతం. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) అంటుంది. చెప్తే తప్పేమీ కాదు, కానీ చెప్పిన ప్రతి మాటా కాదనడానికి ఒక సాకు అవుతుంది. రుసుము కట్టే పోస్టల్ ఆర్డరు ఎక్కడ కొనాలి, కవరు మీద ఏం రాయాలి లాంటివి మీకే తెలుస్తాయి.

ఇక అసలు గొడవ. ఒక దరఖాస్తు ఇలా ఉంది: ‘మా వార్డులో వేసిన సీసీ రోడ్డు ఏడాది తిరక్కుండానే ఎందుకు పగిలింది? దీనికి బాధ్యులెవరు? వారిపై ఏం చర్యలు తీసుకోబోతున్నారు?’ మూడు ప్రశ్నలు, మూడూ వృథా. మొదటిది అభిప్రాయం, రెండోది తీర్పు, మూడోది జోస్యం. కాగితం మీద ఉన్నది ఇవ్వడమే పౌర సమాచార అధికారి పని. మీ తరఫున ఆలోచించి కారణాలు రాసిపెట్టడం ఆయన పని కాదు. 2011లో సీబీఎస్ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది. ఆఫీసు దగ్గర ఉన్న సమాచారం ఇవ్వాలి, లేనిదాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వాల్సిన పని లేదు, సలహాలూ అభిప్రాయాలూ చెప్పాల్సిన పని అంతకన్నా లేదు.

అదే రోడ్డు గురించి ఇలా అడగండి. ఫలానా వార్డు, ఫలానా వీధి సీసీ రోడ్డు పనికి సంబంధించి: పరిపాలనా అనుమతి ప్రొసీడింగ్స్ నకలు, మంజూరైన ఎస్టిమేట్ నకలు, కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటు నకలు, ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) ఈ పని నమోదైన పేజీల నకళ్లు, క్వాలిటీ కంట్రోల్ తనిఖీ నివేదిక నకలు. ఎక్కడైనా ప్రశ్న గుర్తు ఉందా? లేదు. కానీ మీ ‘ఎందుకు’ మొత్తం ఇందులోనే ఉంది. ఎస్టిమేట్‌లో రోడ్డు మందం ఒకటి, ఎం-బుక్‌లో కొలిచి రాసింది ఇంకొకటి అయితే జవాబు దొరికినట్టే. రెండూ ఒకటే అయితే టేపు పట్టుకుని మీరే ఆ పగుళ్ల దగ్గరికి వెళ్లాలి. కాంట్రాక్టరు సొంత ఖర్చుతో ఎన్నాళ్లు రిపేరు చేయాలో అగ్రిమెంటులో ఉంటుంది. ‘బాధ్యులెవరు’ అని అడిగితే రాని జవాబు అలా ఒక క్లాజు రూపంలో వస్తుంది.

క్వాలిటీ కంట్రోల్ నివేదిక అడగడంలో ఇంకో లాభం ఉంది. అది ఉంటే నకలు ఇస్తారు. లేకపోతే ‘అటువంటి నివేదిక మా కార్యాలయంలో అందుబాటులో లేదు’ అని సంతకం పెట్టి రాసిస్తారు. తనిఖీ జరిగిన దాఖలా లేదని ఆఫీసే కాగితం మీద ఒప్పుకున్నట్టు. నా లెక్కలో మంచి పాయింటు అంటే ఇదే: ఉందన్నా వార్త, లేదన్నా వార్త. ఏ జవాబొచ్చినా పనికిరాని పాయింటుని దరఖాస్తులోంచి కొట్టేయండి.

ఇంకొకరు సంక్షేమ హాస్టల్ గురించి అడిగారు: ‘విద్యార్థులకు నాణ్యమైన భోజనం పెడుతున్నారా?’ పెడుతున్నామనే అంటారు, ఇంకేమంటారు? హాజరు రిజిస్టరు, స్టాక్ రిజిస్టరు అడగండి, రెండూ ఒకే వారానివి. ఆ వారం హాజరు పడినవాళ్లెందరు, స్టాకులోంచి బియ్యం ఎన్ని కిలోలు తీశారు అని మీరే పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. హాజరు రిజిస్టరులో పిల్లల పేర్లుంటాయి కాబట్టి సెక్షన్ 8(1)(జె) చూపించి వ్యక్తిగత సమాచారం అంటారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఈ సెక్షన్‌ని ఇంకా బిగించింది. అందుకని ‘సెక్షన్ 10 ప్రకారం పేర్లు తొలగించి, రోజువారీ మొత్తం సంఖ్య కనిపించేలా’ అని మీరే ముందు రాయండి. పేర్లు మీకూ అక్కర్లేదు కదా.

పీహెచ్‌సీలో మందుల కొరత మీద ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి ‘గత ఐదేళ్లలో ఏటా ఎంత శాతం మందులు అందుబాటులో లేవు, పట్టిక రూపంలో ఇవ్వగలరు’ అని రాసింది. అలాంటి పట్టిక ఆ ఆఫీసులో ఉంటుందని నేననుకోను. ఐదేళ్లు మరిచిపో తల్లీ, రెండు నెలల స్టాక్ రిజిస్టరు పేజీలూ, మందులు కావాలని పైఆఫీసుకు పంపిన ఇండెంట్ల నకళ్లూ అడుగు. పట్టిక నువ్వు తయారుచెయ్యి. వైవాలో ఎగ్జామినర్ ఈ పట్టిక ఎవరు వేశారని అడిగితే ‘నేనే’ అనే జవాబుకున్న విలువ వేరు.

ఏదైనా నిర్ణయం వెనక కారణమే కావాలనుకోండి, బడి మూసేశారు, బస్సు రూటు ఎత్తేశారు. అప్పుడూ ‘ఎందుకు మూసేశారు’ అనొద్దు. ‘మూసివేత నిర్ణయానికి సంబంధించిన ఫైలులోని నోట్ ఫైల్, ఉత్తరప్రత్యుత్తరాల నకళ్లు’ అనండి. ఏ గుమాస్తా ఏం రాశాడు, ఆఫీసరు మార్జిన్‌లో ఏం గీశాడు, అన్నీ నోట్ ఫైల్‌లో ఉంటాయి. నన్నడిగితే మొత్తం ఫైలులో చదవదగ్గది అదొక్కటే.

ఏ ఆఫీసులో ఏ రిజిస్టరు ఉంటుందో మాకేం తెలుసు అంటారా? తెలుసుకోవడమే రిపోర్టింగ్. సెక్షన్ 4(1)(బి) కింద ప్రతి ప్రభుత్వ సంస్థా పదిహేడు అంశాల వివరాలు తనంతట తానే బయటపెట్టాలి. తన దగ్గరున్న పత్రాలు ఏయే రకాలో కూడా అందులో చెప్పాలి. అది చదవండి, లేదా మీ చుట్టాల్లో ఎవరో ఒక రిటైర్డ్ గుమాస్తా ఉంటారు, వాళ్ల దగ్గర కూర్చోండి. నేనైతే రెండోదే చేస్తాను. ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్ నివేదికలు కూడా పనికొస్తాయి, ఏ రిజిస్టరు రాయలేదో పేరు పెట్టి మరీ తిడతారు.

పేజీలు వందల్లో ఉంటే నకళ్లు అడక్కండి. సెక్షన్ 2(జె) రికార్డులు చూసే హక్కు కూడా ఇస్తుంది. కేంద్ర కార్యాలయాల్లో మొదటి గంట తనిఖీకి రుసుము లేదు, నకలు పేజీకి 2 రూపాయలు. వెళ్లి కూర్చుని, కావలసిన పేజీలే గుర్తుపెట్టి తీసుకోండి.

ఇప్పుడు అప్పీలు. జవాబుకి గడువు 30 రోజులు. రాకపోయినా, వచ్చింది సంతృప్తిగా లేకపోయినా మరో 30 రోజుల్లో అదే శాఖలోని అప్పిలేట్ అధికారికి సెక్షన్ 19(1) కింద అప్పీలు వేయాలి. ఆయనకి 30 రోజులు, కారణం రాస్తే 45. ఆ పైన సమాచార కమిషన్‌కి రెండో అప్పీలుంది, 90 రోజుల్లో వేయాలి, కానీ అది మీ సబ్మిషన్ లోపు తేలుతుందని ఆశ పెట్టుకోకండి. గడువు దాటాక ఇస్తే నకళ్లకు డబ్బు తీసుకోకూడదని సెక్షన్ 7(6), ఇది చాలామంది వాడుకోరు.

అప్పీలులో వ్యాసం రాయొద్దు. ఏ పాయింటుకి ఏం జవాబిచ్చారు, అది ఎందుకు చాలదు, అంతే. ‘ఎందుకు’ ప్రశ్నలకి 2(ఎఫ్) జవాబు వచ్చినవాళ్లు అసలు అప్పీలే వద్దు, పైన చెప్పినట్టు కొత్త దరఖాస్తు పెట్టండి, టైమ్ కలిసొస్తుంది. మార్చిలో సబ్మిషన్ ఉంటే నవంబరు దాటనివ్వొద్దు. ఆలస్యమైనవాళ్లు టెన్షన్ పడకుండా రికార్డుల తనిఖీ మీద ఆధారపడే టాపిక్‌కి మారిపోండి.

దరఖాస్తు చేత్తో ఇచ్చి, రెండో కాపీ మీద ఇన్‌వార్డ్ సీలు (అందినట్టు వేసే ముద్ర) వేయించుకోవడం నాకిష్టం. ఆన్‌లైన్ తేలిక, నిజమే, కానీ ఆ టేబుల్ దగ్గర నిలబడితే ఫైలు ఆఫీసులో ఏ విభాగానికి వెళ్తుందో తెలుస్తుంది. సీలు పడిన కాపీ, జవాబు, అప్పీలు, మీరు వేసిన పట్టిక, చివరికి రాసిన కథనం వరసగా ఒక ఫైలులో పెట్టండి. ఉద్యోగం ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ల కన్నా ముందు అది బల్ల మీద పెట్టండి. ట్రైనీ రిపోర్టరు కోసం చూసే డెస్కు ఇన్‌చార్జికి మీ మార్కుల కన్నా ఒక కాగితం వెంట మీరెంత దూరం వెళ్లారన్నది ఎక్కువ పనికొస్తుంది. ‘రిజెక్ట్ అయితే ఏం చేశావు’ అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర తేదీలతో సహా ఉంటుంది.

అభ్యాసం. మీ పాత దరఖాస్తు తీసి అందులోని ప్రశ్న గుర్తులన్నీ ఎర్ర ఇంకుతో చుట్టండి. అలా చుట్టిన ఒక్కో గుర్తుకి బదులు ఒక్కో రిజిస్టరు పేరో, ఉత్తర్వు పేరో, నివేదిక పేరో రాయండి. పేరు తెలియనిచోట ఆ ఆఫీసుకి వెళ్లి కనుక్కోండి, ఊహించి రాయొద్దు. ప్రతి పాయింటు పక్కన ‘ఉందంటే’, ‘లేదంటే’ అని రెండు గళ్లు గీసి, జవాబు ఎటొచ్చినా మీరు రాయబోయే మొదటి వాక్యం ఇప్పుడే రాసిపెట్టుకోండి. రెండు గళ్లూ నిండిన పాయింట్లు మూడు మిగిలితే దరఖాస్తు ఇచ్చేయండి. ఒక్కటీ మిగలకపోతే టాపిక్ మార్చాలేమో, గైడ్‌తో ఈ వారమే మాట్లాడండి.