సైంటిఫిక్ ఫోటోగ్రఫీ క్లాసు మీ నెత్తిన పడితే ఎలా నడపాలి

యూనివర్సిటీలో సైంటిఫిక్, టెక్నికల్ ఫోటోగ్రఫీ చెప్పమనగానే చాలామంది మామూలు ఫోటోగ్రఫీ సిలబస్సే తీసుకుని చివర్లో ఒక మైక్రోస్కోప్ తగిలిస్తారు, మొదటి ఏడాది నేనూ అదే చేశా. ఒకమ్మాయి విరిగిన స్టీలు ముక్క ఫోటో తెచ్చింది, పగులు అంచు మీద వెలుగు పడి భలే ఉంది, ఫుల్ మార్కులు వేసేశా. వారం తర్వాత మెకానికల్ వాళ్ళొచ్చి "ఈ పగులు పొడవెంత సార్?" అన్నారు. ఫోటోలో స్కేలు లేదు, ఎంత దూరం నుంచి తీసిందో రాసుకోలేదు, ముక్కని అప్పటికే టెస్టింగ్ కోసం కోసేశారు. ఆ ఫోటో ఇక గోడకి తగిలించుకోడానికే. తప్పు ఆ పిల్లది కాదు, స్కేలు పెట్టమని నేనే ఎప్పుడూ చెప్పలేదు.

అప్పట్నుంచి సగం మార్కులు ఫోటోకి, సగం ఆ ఫోటో ఎలా తీశారో రాసుకునే నోట్‌బుక్‌కి. నోట్‌బుక్ దిద్దడం తేలికే, ఒకరి పుస్తకం ఇంకొకరి చేతికిచ్చి అదే ఫోటో మళ్ళీ తీయమంటా. వస్తే మార్కులు రాసినవాళ్ళకి, రాకపోతే కోత కూడా రాసినవాళ్ళకే. గొడవ చేస్తారు, చేయనివ్వండి.

మొదటి రెండు వారాలు కెమెరా సెట్టింగుల జోలికే వెళ్ళకండి, లైట్ ఒక్కటే చెప్పండి. ఒక నాణెం, ఒక స్టాండు, ఒక చిన్న ఎల్ఈడీ చాలు. మొదట లైటుని దాదాపు టేబుల్‌కి ఆనించి పక్కనుంచి వేయమనండి, అరిగిపోయిన అక్షరాలు కూడా నీడలతో లేచి నిలబడతాయి. తర్వాత లెన్సుకీ నాణేనికీ మధ్య ఒక గాజు పలకని 45 డిగ్రీల్లో వంచి పెట్టి, పక్కనుంచి లైటు కొట్టండి, గాజు మీంచి వెలుగు నిటారుగా కిందకి దిగుతుంది. ఇప్పుడు చదునుగా ఉన్న భాగం తెల్లగా మెరుస్తుంది, చెక్కిన అంచులు నల్లబడతాయి. నాణెం అదే, కెమెరా అదే, రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే ఒకే వస్తువని చెప్తే నమ్మరు. ఏ లైటు ఏం చూపిస్తుందో, ఏం దాచేస్తుందో క్లాసులో ఎవరో ఒకరు వాళ్ళంతట వాళ్ళే అనేదాకా ఆగండి, ముందే చెప్పేస్తే ఎక్కదు.

ఆ తర్వాత మాగ్నిఫికేషన్, అంటే వస్తువు సెన్సర్ మీద ఎన్ని రెట్లు పెద్దగా పడుతుందో. లెక్క చిన్నదే, మిల్లీమీటర్ల స్కేలుని ఫోటో తీసి అడ్డంగా ఎన్ని మి.మీ. పట్టాయో చూడాలి. 36 మి.మీ. వెడల్పున్న సెన్సర్‌లో 18 మి.మీ. స్కేలు నిండితే రెండు రెట్లు. స్కేలు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే తప్పులు జరుగుతాయి. వస్తువుని దిమ్మ మీద పెట్టి, స్కేలుని కింద టేబుల్ మీద పెట్టేస్తారు, అది లెన్సుకి దూరం కాబట్టి చిన్నగా పడుతుంది, కొలత తప్పుతుంది. కొలవాల్సిన తలం మీదే స్కేలు ఉండాలి. ఒకటికి ఒకటి సైజులో (వస్తువు ఎంతుందో సెన్సర్ మీదా అంతే పడేలా) ఎఫ్8 దగ్గర (ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది) ఫోకస్ అయ్యే లోతు సుమారు ఒక మి.మీ. మాత్రమే, కాబట్టి స్కేలు మసకబారిందంటే అది వేరే తలంలో ఉందని అర్థం, అదే చెక్ అనుకోండి.

లోతు చాలట్లేదని అందరూ ఎఫ్22కి తిప్పేస్తారు. వద్దని చెప్తే వినరు, లెక్క చేయించండి. దగ్గరికి వెళ్ళేకొద్దీ అసలు ఎఫ్ నంబరు పెరుగుతుంది, రాసున్న నంబరుని ఒకటి ప్లస్ మాగ్నిఫికేషన్‌తో గుణించాలి. ఒకటికి ఒకటి దగ్గర ఎఫ్22 కాస్తా దాదాపు ఎఫ్44. అప్పుడు ఒక్క చుక్క వెలుగు డిఫ్రాక్షన్ వల్ల (చిన్న రంధ్రం దాటేటప్పుడు వెలుగు విచ్చుకోవడం) దాదాపు 60 మైక్రాన్ల (మి.మీ.లో వెయ్యో వంతులు) వెడల్పుకి పరుచుకుంటుంది, సెన్సర్ మీద పిక్సెల్ చూస్తే 5 మైక్రాన్లు. అందుకే ఎఫ్5.6 దగ్గర ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ ఇరవై ముప్పై ఫోటోలు తీసి కలపడం నేర్పాలి.

ఇక అందరికీ ఇష్టమైన క్లాసు నీటి చుక్క. ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో తీసిన పాల చుక్క కిరీటం చూపించి వదిలేయకండి, ముందు పేపర్ మీద లెక్క, తర్వాతే కెమెరా. 30 సెం.మీ. పైనుంచి పడిన చుక్క కిందకి వచ్చేసరికి సెకనుకి 2.4 మీటర్ల వేగంలో ఉంటుంది. షటర్ 1/200 సెకను పెడితే ఆ కాస్త టైములోనే 12 మి.మీ. జారిపోతుంది, చుక్కే ఐదు మి.మీ. ఉండదు. అదే గదంతా చీకటి చేసి, షటర్ ఒక సెకను తెరిచి ఉంచి, ఫ్లాష్‌ని 1/128 పవర్‌లో కొడితే వెలుగు ఉండేది సుమారు 1/20,000 సెకను, చుక్క కదిలేది 0.12 మి.మీ. ఫోటోని ఆపేది షటర్ కాదు ఫ్లాష్ అని అప్పుడు వెలుగుతుంది బుర్రలో. అయినా ఫోటో నల్లగా వచ్చిందని ఎవరో ఒకరు ఫ్లాష్‌ని ఫుల్ పవర్‌కి పెంచేస్తారు, చుక్క సాగిపోతుంది. పవర్ పెంచకుండా ఫ్లాష్‌ని దగ్గరికి జరపాలి, లేదా ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి స్పందించే స్థాయి) పెంచాలి. ఒక మెలిక ఉంది, ఈ సూత్రం కెమెరా మీద పెట్టుకునే చిన్న ఫ్లాష్‌లకే, కొన్ని స్టూడియో లైట్లకి పవర్ తగ్గిస్తే వెలుగు ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ వాళ్ళ దగ్గర ఆసిలోస్కోప్, ఫోటోడయోడ్ అడుక్కొచ్చి మీ ఫ్లాష్ వెలుగు ఎంతసేపు ఉంటుందో కొలిపించండి, ఆ పూట క్లాసు దానికే పోతుంది, పోనీండి. ఫ్లాష్‌లు మిణుకుమిణుకుమంటే మూర్ఛ వచ్చేవాళ్ళు ఉంటారు, ఆ విషయం ముందురోజే విడిగా చెప్పే వీలు కల్పించండి. పాడైన ఫ్లాష్‌ని ఎవర్నీ విప్పనివ్వకండి, లోపల కెపాసిటర్ వందల వోల్టులు పట్టుకుని కూర్చుంటుంది.

టైముంటే ష్లీరెన్ చేయండి, గాలిలో వేడి తేడాలని కంటికి కనిపించేలా చేసే పద్ధతి, 1864లో జర్మన్ శాస్త్రవేత్త టోప్లర్ వాడినదే. టెలిస్కోప్ పుటాకార అద్దం ఫోకల్ లెంగ్త్ ఒక మీటరైతే రెండు మీటర్ల దూరంలో సన్నటి రంధ్రం వెనక ఎల్ఈడీ, వెనక్కి వచ్చిన వెలుగు చుక్కని సగం కోసేలా బ్లేడు, దాని వెనకే కెమెరా. అద్దం ముందు చెయ్యి పెడితే అరచేతి వేడికి లేచే గాలి కనిపిస్తుంది. బ్లేడు సరిగ్గా కుదరడానికి గంట పడుతుంది, ఫ్యాన్లూ ఏసీ ఆపేయాలి.

ఎడిటింగ్ విషయంలో మెత్తగా ఉండకండి. మొత్తం ఫోటోకి బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ మార్చొచ్చు, ఎంత మార్చారో రాయాలి. దుమ్ము చుక్కనైనా సరే క్లోన్ టూల్‌తో (పక్క భాగాన్ని కాపీ చేసి అతికించేది) తుడిస్తే సున్నా. జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ 2002 నుంచే పేపర్లలోని బొమ్మలు మార్చారేమో చూసి మరీ వేసుకుంటోంది. ఫోన్ వాడతామంటే వాడనివ్వండి కానీ రా ఫైల్ (సెన్సర్ నుంచి వచ్చిన ముడి ఫోటో) ఇవ్వాలి, మామూలు మోడ్‌లో ఫోన్ తనంతట తనే పదును పెట్టి, నాయిస్ తుడిచి, లేని గీతలు కూడా పుట్టించగలదు. గరుకు కాగితాన్ని రెండు మోడ్‌లలోనూ తీయించి జూమ్ చేసి చూపిస్తే వాదన అక్కడితో ఆగుతుంది. కొలతలకి ఇమేజ్‌జె అనే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది, ఫ్రీ.

చివరి పరీక్షకి వేరే డిపార్ట్‌మెంట్ నుంచి నిజమైన శాంపిళ్ళు తెచ్చి, ఒక్కో దాని మీద వాళ్ళకి కావాల్సిన ప్రశ్న చీటీ అంటించి మూడు గంటలు ఇవ్వండి. ప్రతిదీ రెండేసి తెచ్చుకోండి, పరీక్ష మధ్యలో ఎవరో ఒకరు కింద పడేస్తారు.